పెరుమాళ్ళ పాదమూ నా పుట్టింటి కుందులూ

మా ఇంట్లో రోమాపురి దీపం ఉందని పుదుచ్చేరిలో కాస్త చదువుకున్న ప్రతి మనిషికీ తెలుసు. ఆ దీపం కోసం నా పుట్టింటి కుందులు తూకానికి పోయాయని తెలిసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ. వాళ్ళలో కొందరు పోయారు, ఉన్నవాళ్ళు మరిచిపోయామంటారు. నాకు మరపు లేదు. ఉండి ఉంటే ఈ ఇంట్లో ఇంకొంచెం సుఖపడేదాన్నేమో కానీ, కుందులు మాత్రం దక్కేవి కావు.

మా అత్తవారిల్లు కాలువకు పడమట, తెలుగువాళ్ళ ఇళ్ళు కొన్ని ఒక్కచోట ఉన్న వీధిలో. కాలువకు తూర్పున ఫ్రెంచి దొరల ఇళ్ళు, సముద్రం, గాలి. మంచివన్నీ అటే. మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, రోజూ కాలువ దాటి ఒక నోటరీ దొర దగ్గర రాయసం చేసేవారు. సాయంత్రం ఆయన తిరిగి వచ్చేటప్పుడు ఆయనతోపాటు కొంచెం దొరతనం కూడా కాలువ దాటి వచ్చేది. అది గడప దగ్గర ఆగేది కాదు. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచేదాన్ని, మంచినీళ్ళు తెచ్చి ఇస్తే ‘మెర్సీ’ అనేవారు, దొరల భాషలో వందనాలని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన భార్యకు చెప్పిన ఒకే ఒక్క మంచిమాట ఆమెకు రాని భాషలో చెప్పారు.

ఆ రోజుల్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పుకోవలసి వస్తే స్తంభానికి చెప్పుకోవాలి. ఆయన విని స్తంభానికే జవాబు చెబుతారు. మా నడవాలో ఒక టేకు స్తంభం ఉండేది. కాపురానికి వచ్చిన మొదటి ఏడాదిలో నేను ఎక్కువగా మాట్లాడింది దానితోనే. మా ఆయన మిల్లులో పని చేసేవారు. ఆయనతో మాట్లాడినా దాదాపు అదే ఫలితం, కాకపోతే స్తంభం మధ్యలో లేచి వెళ్ళిపోదు.

మా పుట్టిల్లు కడలూరు దారిలో కిరుమాంబాక్కం. వ్యవసాయం. పెళ్ళిలో మా అమ్మ నాకు ఒక జత ఇత్తడి కుందులు పెట్టింది. మోకాలెత్తు ఉంటాయి, అయిదు ముఖాలవి, తలమీద హంస. అందులో ఒక హంస ముక్కు కొంచెం పక్కకు వంగి ఉంటుంది. చిన్నప్పుడు నేను కింద పడేస్తే అలా అయింది. అప్పగింతల వేళ మా అమ్మ ఆ కుందులను నా చేతిలో పెట్టలేదు, మా అత్తగారి చేతుల్లో పెట్టింది. “వదినా, మా పిల్ల చేతులకు పని నువ్వు చెప్పు. ఈ దీపాలకు మాత్రం నీ ఇంట్లో ఒక చోటు చెప్పు” అంది. అత్తగారు పూజగదిలో తిరుపతి పెరుమాళ్ళ పటానికి ఇటూ అటూ చోటు చెప్పారు. కోడలికి చోటు దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది కానీ, కుందులకు ఆ రోజే దొరికింది.

ఆడి నెల వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తవారింట ఉండకూడదు కాబట్టి నన్ను కిరుమాంబాక్కం పంపించారు. ఆవణి పుట్టాక తిరిగి వచ్చాను. పొద్దు గూకుతుండగా అత్తగారు దీపం పెట్టమన్నారు. పూజగదిలోకి వెళ్ళాను. కుందులు ఉండవలసిన చోట ఒక కాలు ఉంది.

మనిషి కాలు. కుడికాలు. చీలమండ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కంచుతో పోసినది, నలుపూ పచ్చా కలిసిన రంగు. వేళ్ళు, గోళ్ళు, నరాలు, అన్నీ చక్కగా తీర్చి ఉన్నాయి. కాలికి చెప్పు కూడా ఉంది, దాని పట్టీలు చీలమండ దాకా అల్లుకుని. చీలమండ మీద చిన్న మూత, అది తీసి నూనె పోయాలి. బొటనవేలి కొనలో ఒక రంధ్రం, వత్తి అందులోంచి బయటికి రావాలి. మడమ వెనక పట్టుకోవడానికి ఒక కడియం.

అక్క పక్కనే కూర్చుని వత్తులు చేస్తోంది.

“ఇదేందక్కా?”

“దీపం.”

“కాలు కదా ఇది.”

“కాలు మాదిరి ఉండే దీపం. మీ బావ తెచ్చినారు. రోమాపురిదంట.”

“నా కుందులు యాడ?”

అక్క తల ఎత్తలేదు. “ఆయన్నే అడుగు. స్తంభం ఖాళీగానే ఉండాది.”

జరిగింది ఇది. ఒక జడ్జీ దొర ఉద్యోగం ముగించుకుని ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆయన సామానును తమ్మెట కొట్టించి వేలం వేశారు. కుర్చీలు, అద్దాలు, పరుపులు కావలసినవాళ్ళు తీసుకోగా, మిగిలిన లోహపు సామానంతా బజారులో పాత్రల అంగడి ఆయన కరిగించి పోసుకోవడానికి మొత్తంగా కొన్నాడు. ఆ కుప్పలో బావగారికి ఈ కాలు కనిపించింది. జడ్జీ దొర వరండాలో ఆయన దాన్ని ఇంతకుముందే చూసి ఉన్నారు. అంగడి ఆయన లోహానికి లోహం, తూకానికి తూకం, కాస్త మొగ్గు ఇస్తేనే ఇస్తానన్నాడు. ఇంట్లో అంత తూగే వస్తువు ఏమిటా అని బావగారు చూశారు. నా కుందులు ఉన్నాయి. నేను లేను. అంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు.

కుందులను ఆయన చేత్తో పట్టుకుని వెళ్ళారు. కాలు మాత్రం పుష్‌పుష్ బండిలో వచ్చింది. ముందు బావగారు ఒళ్ళో కాలు పెట్టుకుని కూర్చుని, వెనక నుంచి మనిషి బండి తోస్తుంటే వీధి వీధంతా చూసిందట.

నేను స్తంభం దగ్గరికి వెళ్ళి, “నా కుందులు ఏమైనాయో ఎవురైనా చెప్తే బాగుండు” అన్నాను.

బావగారు ఉయ్యాల మీద నుంచి స్తంభానికి చెప్పారు. “కుందులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఇట్టాంటిది కాలువకు ఈ పక్క ఇంకొకటి లేదు. రెండు వేల ఏండ్ల కిందట రోమాపురి చక్రవర్తులు పెట్టుకునిన దీపం. జడ్జీ దొర దీంతోనే చుట్ట ముట్టించుకుంటా ఉన్నాడు, నా కండ్లతో చూసినా.”

“చుట్ట ముట్టించేదాన్ని సామి ముందర పెడతారా?”

“రెండు వేల ఏండ్ల వస్తువుకు మైల ఏంది?”

ఆ చుట్ట సంగతి ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తే అవసరం లేకుండా నేను గుర్తు పెట్టుకున్నాను.

ఒకరోజు మా ఆయన ఆ కాలును తిరగేసి చూశారు. మడమ కింద దొరల అక్షరాలు అచ్చుపోసి ఉన్నాయి. ఏమిటవి అని అడిగితే, పోతపోసిన అంగడి పేరని బావగారు నోరు జారారు. “రెండు వేల ఏండ్ల కింద అంగడి ఉండిందా అన్నా?” అని మా ఆయన తన జీవితంలో ఒక్క మంచి ప్రశ్న వేశారు. “రోమాపురి అంటే ఏమనుకుంటివి? అంగళ్ళు లేకుండా ఉంటాయా?” అన్నారు బావగారు. మా ఆయన తృప్తిపడ్డారు. ఆయనను తృప్తిపరచడం చాలా సులువు, నాకు తప్ప అందరికీ.

చక్రవర్తులు ఆ దీపం ఎలా వెలిగించేవారో తెలియదు. వాళ్ళకు కోడళ్ళు ఉండి ఉంటారు. కుందిలో నూనె ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది. ఈ కాలిలో పోసిన నూనె ఎటు పోతుందో దానికే తెలియాలి. తక్కువ పోస్తే వత్తికి అందదు, ఎక్కువ పోస్తే బొటనవేలి నుంచి కారుతుంది. మేం చేసే వత్తి ఉన్నట్టుండి రంధ్రంలోంచి లోపలికి జారిపోయేది. దాన్ని బయటికి లాగడానికి దొరలు గొలుసుకు సూది ఒకటి తగిలించి చేశారట. గొలుసు ఉంది, సూది లేదు. కొబ్బరి ఈనె పెట్టి చక్రవర్తి కాలిలో కెలికే పని నాది. వెలిగినంతసేపూ బొటనవేలు పొగ కక్కేది. పటంలో ఉన్న పెరుమాళ్ళ ముఖం నల్లబడుతుంటే, అది పాతకాలపు వెలుగు అలాగే ఉంటుందని బావగారు చెప్పేవారు.

నా కుందుల గురించి అత్తగారికి ఏమని చెప్పారో తర్వాత తెలిసింది. అత్తగారికి రెండు కళ్ళలోనూ పొర. వెలుగూ నీడా తెలుస్తాయి తప్ప మనిషి ముఖం తెలియదు. ఏదైనా వేళ్ళతో చూసేవారు. బియ్యంలో రాయి, మజ్జిగలో నీళ్ళు, నా మాటలో కోపం, ఏదీ ఆ మనిషి నుంచి దాగేది కాదు. ఆమె కుందులు లేని సంగతి కనిపెట్టి అడిగితే బావగారు, “మెరుగు పెట్టేదానికి ఇచ్చినానమ్మా” అన్నారట. నోటరీ దగ్గర పని చేసే మనిషి కదా, అబద్ధాన్ని కూడా నిలబడేలా చెప్పారు. ఆ మాట కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. కొత్త కోడలు పెద్ద కొడుకును అబద్ధాలకోరు అంటే ఆ ఇంట్లో ఎవరికి చోటు ఉండదో నాకు తెలుసు.

ఆ కాలును అత్తగారు మొదటిసారి చేతితో చూసిన రోజు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. వేళ్ళ మీద చెయ్యి పెట్టారు. మడమ మీదికి తెచ్చారు. మళ్ళీ వేళ్ళ మీదికి తీసుకెళ్ళారు.

“పెద్దోడా, ఇది పెరుమాళ్ళ పాదం కదరా.”

అప్పటిదాకా చక్రవర్తి, చక్రవర్తి అని వీధిలో చెప్పుకు తిరిగిన మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అవునమ్మా” అన్నారు. చక్రవర్తి అక్కడే దిగిపోయాడు.

మర్నాటికి కాలికి పసుపు, కుంకుమ, తులసిమాల. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. బావగారు అంగవస్త్రం కప్పుకుని తిన్నె మీద కూర్చుని, పాదం ఎలా దొరికిందో చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ జడ్జీ దొర కొంచెం చిన్నవాడయ్యేవాడు, పెరుమాళ్ళు కొంచెం పెద్దవాడయ్యేవాడు. ఆవణి ముగిసే వేళకు కథలో దొర లేనే లేడు. పాత్రల అంగడి ముందు నుంచి నడుస్తుంటే బావగారిని ఎవరో పిలిచినట్టు అయిందట. పిలిచింది అప్పులవాడేమో అని నేను స్తంభంతో అన్నాను. స్తంభం నవ్వలేదు కానీ వంటింట్లో అక్క నవ్వింది.

నా దగ్గర ఒక అస్త్రం మిగిలి ఉంది. చెప్పు. మా అత్తగారు తోలు చెప్పును గడప దాటనివ్వని మనిషి. బావగారు దొరల బూట్లు వేసుకుని వచ్చి తిన్నె మీద విప్పడం మరిచిపోతే ఇల్లంతా కడిగించేవారు. ఆ పాదానికి ఉన్న పట్టీలను ఆవిడ నగలనుకుంటున్నారని నాకు అర్థమైంది. ఎప్పుడూ బియ్యం పోసిన పళ్ళెంలోనే ఉంచుతారు కాబట్టి అడుగు భాగం ఆవిడ చేతికి తగలలేదు. ఆ అడుగున అట్ట, దానికి కొట్టిన మేకుల తలలు వరసగా ఉన్నాయి.

ఒక శుక్రవారం పాదానికి తానే అభిషేకం చేస్తానని అత్తగారు కూర్చున్నారు. నేను నీళ్ళు పోస్తున్నాను. “అత్తా, కింద కూడా కడుగుదాము” అని పాదం తిప్పి, ఆవిడ వేళ్ళు తీసి అట్ట మీద పెట్టాను.

వేళ్ళు మేకుల మీద నడిచాయి. ఆగాయి. మళ్ళీ పట్టీల వెంట పైకి వెళ్ళాయి.

“చెప్పు కదే ఇది.”

“చెప్పే అత్తా. తోలు చెప్పు.”

అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. నా కడుపు చల్లబడింది. ఇంక ఈ కాలు వీధిలో పడుతుంది, కుందులు ఇంటికి వస్తాయి అనుకున్నాను.

అత్తగారి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“కొండ మీద నుంచి అలమేలమ్మ కాడికి దినమూ నడిచే సామి. చెప్పులు అరిగిపోతా ఉంటాయి ఆయనకు. ఆ చెప్పులు కుట్టేవాళ్ళు ఒక ఊర్లో కుడిది, ఇంకో ఊర్లో ఎడమది కుడతారు. వాడి సంగతి వీడికి తెలవదు. తెచ్చి పక్కపక్కన పెడితే జత సరిగ్గా ఉంటాది. మా నాయిన తిరపతి పోయినప్పుడు ఆ చెప్పులు నెత్తిన పెట్టించుకుని వచ్చినాడు.” పాదాన్ని గుండెకు హత్తుకున్నారు. “చెప్పుతో సహా వచ్చినావా నాయినా. ఎంత దూరం నడిచినావో.”

అంతవరకు ఆ కాలు పెరుమాళ్ళదా కాదా అని వీధిలో ఒకరిద్దరికైనా సందేహం ఉండేది. ఆ సందేహాన్ని నా చేతులతో నేనే తీర్చాను. అక్క నా చెవి దగ్గరికి వచ్చి, “ఇంగా ఏమన్నా చూపించేది ఉండాదా?” అంది.

కుడిపాదం వచ్చింది కనక ఎడమపాదం కూడా ఎక్కడో బయలుదేరి ఉంటుందని అత్తగారు తేల్చారు. ఆ మాట వీధి దాటింది. కాలాపేటలో జాలరివాళ్ళ వలకు ఏదో కంచు వస్తువు చిక్కిందని ఎవరో చెబితే బావగారు పనికి సెలవు పెట్టి మరీ వెళ్ళారు. అది ఏ ఓడదో గంట నాలుక. ఆయన ఎండలో కమిలిపోయి వచ్చి పడుకున్నారు. ఆ రోజు నేను పాయసం చేశాను. ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు.

పెరటాసి నెల వచ్చింది. పెరుమాళ్ళకు ఇష్టమైన నెల. కడపటి శనివారం తళిగ, అంటే సామికి పెద్ద నైవేద్యం, పెట్టే రోజుకు మా అమ్మ బియ్యం, బెల్లం తీసుకుని వస్తున్నట్టు కిరుమాంబాక్కం నుంచి కబురు వచ్చింది. మా అమ్మ ఏ ఇంటికి వెళ్ళినా కాళ్ళు కడుక్కుని ముందు దేవుడి దగ్గరికి వెళుతుంది. తను పెట్టిన కుందులున్న చోట దొర చుట్ట ముట్టించుకున్న కాలు ఉంటే, తన కూతురికి ఈ ఇంట్లో ఉన్న విలువ ఎంతో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మెరుగుకు ఇచ్చామంటే అత్తగారు నమ్మారు. మా అమ్మ నమ్మదు.

మా ఆయనను అడిగాను.

“మీ అన్నతో చెప్పి కుందులు తెప్పించండి.”

“చెప్తాలే.”

“ఎప్పుడు?”

“ఆయన తీరుబడిగా ఉండేటప్పుడు.”

“తిన్నె మీద కాలు మీద కాలేసుకుని ఉండారే, అది తీరుబడి కాదా?”

“అది ఆలోచన చేస్తా ఉండేది.”

“ఏం ఆలోచన?”

“తెలిస్తే మనం కూడా చెయ్యమా” అని ఆయన పక్కకు తిరిగి పడుకున్నారు.

సరే, ఆ కాలు పెరుమాళ్ళది కాదని చెప్పి ఓడిపోయాను. ఇంక పెరుమాళ్ళదే అనుకుని చూద్దామనుకున్నాను.

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు అత్తగారు జపమాల పట్టుకుని కూర్చున్నారు. బావగారు ఉయ్యాల మీద ఉన్నారు. నేను నిప్పు వెలిగించి పాదం దాకా తీసుకెళ్ళి ఆగిపోయాను.

“దీపం పెట్టలేదా?” అన్నారు అత్తగారు.

“చెయ్యి రాలేదత్తా.”

“ఏందే, ఏమైంది?”

“పెరుమాళ్ళ బొటనవేలికి నిప్పు పెట్టేదానికి చెయ్యి రాలేదు.”

ఉయ్యాల గొలుసు చప్పుడు ఆగింది.

“మన కాలి మీద నిప్పురవ్వ పడితే ఊరు మేల్కొనేటట్టు అరుస్తాము. సామి నోరు తెరిచి చెప్పడు కాబట్టి దినమూ కాలుస్తా ఉండాము. అంత దూరం నడిచి అలిసిపోయి వస్తే ఇంట్లో మనం చేసే మర్యాద ఇది. గోరు ఎట్లా కమిలిపోయిందో నువ్వే చూడు అత్తా.”

అత్తగారు బొటనవేలిని తడిమారు. వేలికి మసి అంటింది. ఆ మసిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు. తర్వాత లెంపలు వేసుకున్నారు, ఒకసారి కాదు, చాలాసార్లు. చూసి అక్క కూడా వేసుకుంది. బావగారు వేసుకోలేదు, వేసుకోవలసిన మనిషి ఆయనే అయినా.

“పెద్దోడా, మెరుగుకు ఇచ్చిన కుందులు యాడ? ఆడి నెలలో ఇస్తివి. పెరటాసి వచ్చేసింది. కుందులకు మెరుగు పెడతా ఉండాడా, కొత్తగా పోస్తా ఉండాడా వాడు?”

“వస్తా ఉండాయమ్మా.”

“ఎప్పుడొస్తాయి? కడపటి శనివారానికి ఇంట్లో ఉండాల. పాదానికి ఇటొకటి అటొకటి. ఇంక సామి మీద నిప్పు పెట్టినారంటే నేను అన్నం ముట్టను.”

ఆ సాయంత్రమే పాదంలోని నూనె ఒంపించారు. రెండు వేల ఏండ్ల దీపం మా ఇంట్లో రెండు నెలలు కూడా వెలగలేదు.

బావగారు పాత్రల అంగడికి వెళ్ళారు. కుందులు కరిగిపోలేదు. అంగడి ఆయన వాటిని ముందువైపు అమ్మకానికి పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వడానికి మళ్ళీ లోహానికి లోహమే అడిగాడు, మొగ్గు కూడా అడిగాడు. ఈసారి అక్క పుట్టింటివాళ్ళు ఇచ్చిన గంగాళం వెళ్ళింది. ఆ కథ అక్క రాసుకోవాలి. రాసుకుంటే ‘మెర్సీ’ గురించి కూడా రాస్తుంది.

కుందులు గుడ్డలో చుట్టుకుని వచ్చి నేరుగా బావగారి గదిలోకి పోయాయి. పూజగదిలోకి రాలేదు. ఎందుకా అనుకున్నాను. ఆ సాయంత్రం తిన్నె మీద బావగారు మా ఆయనతో మాట్లాడుతుంటే, కిటికీ ఇవతల నేను తులసిమాల కడుతున్నాను.

“అమ్మకు పాతవి కరిగి పోయినాయని చెప్తాను. ఇవి నేను కొత్తగా చేయించినవి. పాదానికి నా ఉభయం, నేను ఇచ్చుకునే కానుక. శనివారం అందరి ముందరా చెప్పాల. పేరు కూడా చెక్కించినా, చూడు.”

“ఇవి మా ఇంటిదాని కుందులు మాదిరే ఉండాయే అన్నా.”

“మాదిరి ఉంటే ఏంది? కుందులన్నీ ఒక మాదిరే ఉంటాయి.”

“ఇవి ఏం అక్షరాలు?”

“ఫ్రెంచి అక్షరాలు. నా పేరు. తెలుగులో చెక్కిస్తే ఎవురు చూస్తారు?”

మా ఆయన మళ్ళీ తృప్తిపడ్డారు. మా అమ్మ పెట్టిన కుందులు ఒకసారి కాలికి పోయాయి. ఇప్పుడు తిరిగి వచ్చి కూడా నావి కాకుండా పోబోతున్నాయి. అంతకంటే కరిగిపోయి ఉంటేనే బాగుండేదనుకున్నాను. ఆ మాల మధ్యలో తెగింది, మళ్ళీ కట్టాను.

శనివారం మా అమ్మ ఎద్దుబండిలో వచ్చింది. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చారు. పచ్చకర్పూరం వాసన, పులిహోర వాసన. పళ్ళెంలో పాదం, దానికి కొత్త తులసిమాల. ఇటొకటి అటొకటి కుందులు. బంగారంలా మెరుస్తున్నాయి. ఒక హంస ముక్కు పక్కకు వంగి ఉంది. మా అమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా వచ్చి వాటిని చూసి, నన్ను చూసి, కూర్చుంది. వాటి అడుగు పీట మీద కొత్తగా గీసిన అక్షరాలు నాకూ కనిపించాయి. నాకు తెలుగు చదవడం మా నాన్న నేర్పారు. అవి తెలుగు కావు, అరవమూ కావు.

నేను అయిదు ముఖాలూ వెలిగించాను. హారతి అయింది. బావగారు గొంతు సవరించుకున్నారు. నోటరీ దొర పత్రం చదివే ముందు అలాగే సవరించుకుంటాడని ఆయనే చెప్పేవారు.

“అందరూ ఉండారు కాబట్టి ఒక మాట. పెరుమాళ్ళు నా చేతులమీదుగా ఈ ఇంటికి వచ్చినాడు. ఆయనకు నేను చేసుకునే చిన్న…”

ఆయన ఇంకా ‘ఉభయం’ అనలేదు. అత్తగారు చెయ్యి చాచి కుందిని పట్టుకున్నారు. దీపం దగ్గర ఎంత ఎత్తులో ఆగాలో ఆమె వేళ్ళకు తెలుసు. హంస దాకా వెళ్ళి వంగిన ముక్కును పట్టుకుని, “వచ్చినాయి, మన కుందులే” అన్నారు. తర్వాత కిందికి దిగి పీట మీద ఆగారు.

“ఏంది ఈ గీతలు? ముందర లేవే.”

నేను స్తంభం కోసం చూడలేదు.

“ముందర నుంచీ ఉండేవే అత్తా. మకిలి పట్టి కనపడలేదు. మెరుగు పెట్టినాక తేలినాయి. మా అమ్మ పేరు.”

పక్కింటి ఆమె తొంగి చూసింది. “దొరల అక్షరాలు మాదిరి ఉండాయే.”

నేను ఒక్క క్షణం తడబడ్డాను. మా అమ్మ తడబడలేదు. తాంబూలం మడుచుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది. “కడలూరులో చెక్కించినాము. ఆడ ఇంగిలీసోళ్ళ అక్షరాలే చెక్కుతారు. మాకు వద్దంటే వాడు వింటాడా?”

మా అమ్మకు తన పేరు ఏ అక్షరాల్లోనూ రాయడం రాదు.

అత్తగారికి మాత్రం అంతటితో ఆగే అలవాటు లేదు. “పెద్దోడా, నువ్వు చదువుకునినోడివి. చదివి చెప్పు. మా వదిన పేరేనా?”

అందరూ బావగారి వైపు తిరిగారు. ఆయన వంగి కుంది పీటను చూశారు. ఆయన పేరు ఆయనను చూసింది. అది తన పేరని చెబితే, మెరుగుకు ఇచ్చిన తమ్ముడి భార్య కుందుల మీదికి తన పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అది చెబితే అవి ఎక్కడికి పోయాయో చెప్పాలి. అది చెబితే పెరుమాళ్ళు దేనికి బదులుగా వచ్చాడో, అంతకుముందు ఎవరి చుట్ట ముట్టించాడో చెప్పాలి. మా ఆయన పక్కనే ఉన్నారు. ఆయన నోరు తెరవని గుణం నా కాపురంలో మొదటిసారి నాకు పనికొచ్చింది.

“చదవరా. కండ్లు నాకు కదా లేంది.”

“అవునమ్మా” అన్నారు బావగారు. “ఆమె పేరే.”

“ఇందాక ఏందో చెప్తా ఉంటివి.”

“ఏం లేదమ్మా. పెరుమాళ్ళకు చేసుకునే చిన్న దండం, అంతే” అని ఆయన సాష్టాంగపడ్డారు. లేవడానికి చాలాసేపు పట్టింది.

మా అమ్మ వెళ్ళేటప్పుడు బండి దగ్గర నా చెవిలో, “నా పేరు ఎన్ని అక్షరాలే?” అని అడిగింది. “చాలా పెద్దదమ్మా” అన్నాను. కిరుమాంబాక్కం దాకా నవ్వుతూ వెళ్ళిందట.

కొన్నాళ్ళకు బావగారు అక్క చేత కబురు పంపారు. ఇంటికి ఫ్రెంచి తెలిసిన మనుషులు వస్తుంటారు కాబట్టి ఆయనకు ఇబ్బందిగా ఉందట. ఆ అక్షరాలు కుందుల అందాన్ని పాడుచేస్తున్నాయట, ఆకురాయితో అరగదీయిస్తే బాగుంటుందట, ఆ ఖర్చు తానే పెట్టుకుంటారట.

“కన్నతల్లి పేరును ఎట్లా అరగదీస్తానక్కా? పాపం కాదా?” అన్నాను.

అక్క ఆ మాటను మార్చకుండా తీసుకెళ్ళి చెప్పింది. గంగాళం పోయిన మనిషి కదా.

అరగదీయించలేదు. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి కుందులు తోముతాను. హంసల దగ్గర చెయ్యి కొంచెం తొందరపడుతుంది కానీ, ఆ పేరు దగ్గర మాత్రం ఒక్కొక్క అక్షరాన్నీ విడిగా తోముతాను. మసకబారనివ్వను.